తాళం కప్ప

ముప్పై ఒక్కేళ్లు కప్పల్ని తూచాను.
తక్కెడలో కప్పలు నిలవవని సామెత.
నిలుస్తాయి.
తడిగుడ్డ పరిచి, అరచేత్తో కాస్త చీకటి చేసి
ఊపిరి బిగబట్టి చూస్తే
నాలుగు గ్రాముల పైచిలుకని అంకె ఒప్పుకుంటుంది.

అత్తాపూర్‌లో మా ల్యాబు.
వెనక మూసీ, ముందు ఫ్లైఓవరు పిల్లర్లు.
చేరిన కొత్తలో మా మేనత్త అడిగింది:
"డాక్టరంటున్నారు, ఎవరికి పురుళ్లు పోస్తావే?"
కప్పలకి, అన్నాను.
మజ్జిగ గ్లాసు కింద పెట్టి
నా చేతులవైపు చాలాసేపు చూసింది.

ఆ చేతులతోనే
ఖాజాగూడ రాళ్లమీది నీటిగుంటలో
బొటనవేలంత మగవాణ్ణి పట్టుకున్నాను.
లాటిన్‌లో వాడికి రెండు మాటల పేరుంది.
మా అటెండరు ఈదయ్య "గుండుకప్ప" అన్నాడు.
వానల్లేని యేడు రోకలికి కప్పను కట్టి
ఇంటింటా నీళ్లు పోయించుకున్న
కప్పతల్లి ఆట పిల్లగాడు ఈదయ్య.
"అప్పుడు వానకోసం కప్పను కట్టినం మేడం,
ఇప్పుడు కప్పకోసం తిరుగుతున్నం. బాకీ తీర్తాంది."

సన్నని సూది, ఒక చుక్క హార్మోను.
గంట తర్వాత గాజుగొట్టంలోకి వాడి మూత్రం.
సూక్ష్మదర్శిని కింద
లక్ష తోకలు, ఎక్కడికో ఆలస్యమైనట్టు.
వాటిని ద్రవ నత్రజనిలోకి దించేదాన్ని.
సున్నాకి కింద నూట తొంభై ఆరు డిగ్రీలు.
తెల్లటి పొగ మోకాళ్లదాకా వచ్చేది.

తండ్రుల్ని దాచొచ్చు.
తల్లిని దాచలేం.
కప్పగుడ్డు నిండా సొన,
మంచు తాకితే లోపల్నించి పగులుతుంది.
ఇరవై ఏళ్లు ఆ ఒక్క వాక్యం దగ్గరే నిలబడ్డాను.

మనిషికేమిటి లాభం, అనేది నిధుల కమిటీ.
దోమలన్నాను, డెంగీ అన్నాను, మందులన్నాను.
అన్నీ కప్పదాటు జవాబులే.
వాన పడ్డ రాత్రి ఆ గుంటలోంచి
గాజుగోలీలు రాసుకున్నట్టు వచ్చే చప్పుడు
మళ్లీ వినాలని ఉంది నాకు, అంతే.
ఫారంలో ఆ గడి లేదు.

ఈలోగా గుండ్లు పేల్చారు.
గుంట ఉన్నచోట పద్దెనిమిది అంతస్తులు.
ట్యాంకులో నలభై రెండు గొట్టాలు,
తండ్రులు, తండ్రులు, తండ్రులు.
పదకొండేళ్లు ఒక్క ఆడది దొరకలేదు.
కరోనా నెలల్లో నత్రజని లారీ రాలేదు.
ఊరంతా ఆక్సిజన్ కోసం ఏడుస్తోంది.
స్కేలు ముంచి చూశాను, రెండు వేళ్ల లోతు.
నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను.
నాలుగో రోజు ఎలాగో వచ్చింది.
అడిగి ఉండేదాన్నో లేదో
ఇప్పటికీ తెలీదు.

పోయిన అక్టోబరు వానల్లో
రాత్రి రెండింటికి ఈదయ్య ఫోను.
"మా అల్లుడు వాచ్‌మెన్ కదా మేడం, సెల్లారు మునిగింది.
లిఫ్టు గుంతల ఒకటున్నది. గుండుకప్ప లెక్కనే.
కడుపుతోటి ఉన్నది."

చీర ఎగదోపి, టార్చి పట్టి దిగాను.
నల్లనీళ్లమీద తేలే ఒంటిచెప్పు ఎక్కి కూర్చుంది.
పల్చటి పొట్టలో ఆవగింజల్లా గుడ్లు.
అరుపు లేదు. అరిచేది మగవాడు,
ఆడది ఎంచుకుంటుంది.
ఎంచుకొమ్మని మేం గొట్టాలిచ్చాం.
క్షమించమని అడగాలన్న ఆలోచన కూడా
రాలేదు ఆ రాత్రి.

నూట పన్నెండు గుడ్లు.
పంతొమ్మిదేళ్ల నాటి తండ్రి
గోరువెచ్చని నీళ్లలో కరిగి తోకాడించాడు.
తెల్లారేసరికి తొమ్మిదింటిమీద గీత పడింది,
ఒకటి రెండవుతూ.
మిగిలినవి తెల్లబోయాయి.

నాలుగు తోకకప్పలు బతికాయి.
ఇవాళ నాకు శాలువా కప్పారు.
ఒకదానికి ముందుకాళ్లు వచ్చాయి.
కాళ్లొచ్చాక ఎక్కడికి పంపాలో
నా కాగితాల్లో ఎక్కడా రాసిలేదు.
"రిజిస్టర్లో ఏ ఊరు రాయను మేడం?"
కొత్తగా చేరిన ఫిర్దౌస్ అడిగింది.
లిఫ్టు గుంత, ఖాజాగూడ, అన్నాను.
రాసుకుంది, నవ్వలేదు.

ఈదయ్య తలుపు లాగి
తాళం కప్ప నా చేతిలో పెట్టాడు.
చల్లగా ఉంది.
అలవాటు కొద్దీ దాని పొట్ట
బొటనవేలితో నిమిరి
బరువెంతో అంచనా వేశాను.